పప్పు తింటే చీము పడుతుందా? గుండె ఆపరేషన్ తర్వాత మొదటి ఆరు వారాల తిండి

"లో సాల్ట్, లో ఫ్యాట్, హై ప్రొటీన్ డైట్."

గుండె ఆపరేషన్ అయి ఇంటికొచ్చే మనిషి చేతిలో పెట్టే డిశ్చార్జ్ సమ్మరీలో తిండి గురించి చాలాసార్లు ఉండేది ఈ ఒక్క లైనే. మందుల గురించి పేజీ నిండా ఉంటుంది. ఏ మాత్ర పొద్దున, ఏది రాత్రి, ఏది తిన్నాక, అన్నీ రాసి ఉంటాయి. తిండికి మాత్రం ఏడు ముక్కలు, అవి కూడా ఇంగ్లిష్‌లో. వంట చేసేదేమో మన అమ్మలు, పెద్దమ్మలు, నానమ్మలు. వాళ్లకి ఆ లైను ఎవరూ విడమరిచి చెప్పరు. అప్పుడు ఏం జరుగుతుంది? తరతరాలుగా తెలిసిన పత్యం మొదలవుతుంది.

పోయినేడాది మా పెద్దనాన్నకి సిటీలోని ఒక ఆస్పత్రిలో బైపాస్ అయింది. రివ్యూలకి దగ్గరని అల్వాల్‌లో మా ఇంట్లోనే రెండు నెలలు ఉన్నారు. ఆ రెండు నెలల్లో మా ఇంట్లో ఎక్కువ గొడవ జరిగింది మందుల గురించి కాదు, డబ్బుల గురించి కూడా కాదు. పప్పు గురించి! అందుకే ఈ వ్యాసం. నేను డాక్టర్ని కాను, సీఎస్ఈ స్టూడెంట్‌ని. ఇందులో ఉన్నది సాధారణంగా పెద్దవాళ్లకి చెప్పే సంగతులు. మీ ఇంట్లో మనిషికి కిడ్నీ సమస్య, షుగర్ లాంటివి ఉంటే లెక్కలు మారతాయి. అప్పుడు మీ డాక్టర్ మాటే ఫైనల్.

లోపల ఏం జరిగిందో ముందు తెలియాలి

బైపాస్ అంటే గుండెకి రక్తం తీసుకెళ్లే నాళం మూసుకుపోతే, దాన్ని దాటించి పక్కనుంచి ఇంకో దారి వేయడం. మన ట్రాఫిక్ భాషలో అచ్చంగా బైపాస్ రోడ్డే. 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రెనె ఫవలోరో అనే అర్జెంటీనా సర్జన్ కాలి నుంచి తీసిన సిరతో ఈ ఆపరేషన్ చేసి దారి చూపించాడు. ఇప్పుడు ఛాతీ లోపలి ధమనిని, కాలి సిరని, కొన్నిసార్లు చేతి ధమనిని కూడా వాడతారు.

ఎక్కువమందికి దీనికోసం ఛాతీ మధ్యలో ఉన్న రొమ్ము ఎముకని నిలువునా కోస్తారు. పని అయ్యాక స్టీల్ తీగలతో కట్టేస్తారు. అంటే ఇంటికొచ్చిన మనిషికి ఒక పుండు కాదు, మూడు రకాల రిపేర్లు ఒకేసారి నడుస్తుంటాయి. ఛాతీ ఎముక అతుక్కోవాలి, దానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. కాలి మీద కోత మానాలి. ఆపరేషన్ దెబ్బకి కరిగిన కండ తిరిగి రావాలి.

ఈ మూడోదాన్ని మనం పట్టించుకోం. పెద్ద ఆపరేషన్ తర్వాత శరీరం ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్తుంది. గాయం మాన్పడానికి, ఇన్ఫెక్షన్‌తో పోరాడే కణాలు తయారు చేయడానికి దానికి ప్రొటీన్ ముక్కలు, అంటే అమైనో ఆమ్లాలు కావాలి. తిండి ద్వారా రాకపోతే సొంత కండలనే కరిగించుకుని వాడుకుంటుంది. ఇల్లు రిపేర్ చేయడానికి అదే ఇంటి గోడ నుంచి ఇటుకలు పీకినట్టు. అందుకే ఈ ఆరు వారాలూ బరువు తగ్గే టైమ్ కాదు. మనిషి ఎంత లావుగా ఉన్నా సరే, డైటింగ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

పత్యం: ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి

మా నానమ్మ రూల్స్ ఇవి. పాత బియ్యం అన్నం మెత్తగా వండాలి. బీరకాయ కూర, వెల్లుల్లి కారం, మిరియాల చారు పెట్టొచ్చు. వంకాయ, గుమ్మడికాయ, గోంగూర వద్దు. పెరుగు చలవ చేస్తుంది కాబట్టి వద్దు. గుడ్డు వేడి కాబట్టి వద్దు. అన్నిటికన్నా ముఖ్యం పప్పు.

"పుండు మానేదాకా పప్పు పెట్టొద్దు బిడ్డా, చీము పడ్తది."

ఈ మాట ఒక్క మా ఇంట్లోదే కాదు. మన రెండు రాష్ట్రాల్లోనూ బాలింత దగ్గర, అపెండిక్స్ ఆపరేషన్ దగ్గర, కాలు విరిగినవాళ్ల దగ్గర ఇదే మాట వినిపిస్తుంది. కాబట్టి దీన్ని నవ్వి పక్కన పెట్టకుండా సీరియస్‌గా చూద్దాం.

చీము అంటే ఏంటి? గాయంలోకి బ్యాక్టీరియా చేరితే, వాటితో పోరాడటానికి తెల్ల రక్తకణాలు అక్కడికి వస్తాయి. ఆ పోరాటంలో చచ్చిన కణాలు, బ్యాక్టీరియా, ద్రవం కలిసిందే చీము. కడుపులోకి వెళ్లిన కందిపప్పు అక్కడ అరిగి అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. పప్పు పప్పుగా గాయం దాకా వెళ్లే దారే లేదు. చీము పట్టడానికి కారణాలు వేరే: శుభ్రం లేకపోవడం, షుగర్ కంట్రోల్‌లో లేకపోవడం, పొగతాగడం, సరిపడా తిండి లేక రోగనిరోధక శక్తి తగ్గడం. చివరిది గమనించండి. చీము పడుతుందని పప్పు ఆపితే, చీము పట్టే అవకాశాన్నే మనం పెంచుతున్నాం.

మరి ఈ నమ్మకం ఎలా వచ్చి ఉంటుంది? నా ఊహ చెప్తాను. పెన్సిలిన్ మందుగా వాడకంలోకి వచ్చింది 1940ల్లో. అంతకుముందు ఎవరికి కోత పడినా చీము పట్టడం చాలా మామూలు. ఏది తిన్నా పట్టేది. చీము పచ్చగా, చిక్కగా ఉంటుంది, ముద్దపప్పు కూడా పచ్చగా, చిక్కగా ఉంటుంది. రెంటినీ కలిపి చూడటం సహజమే. మా స్టాటిస్టిక్స్ సార్ భాషలో చెప్పాలంటే కోరిలేషన్‌ని కాజేషన్ అనుకోవడం.

అలాగని పత్యం అంతా తప్పు కాదు. అందులో మూడు మంచి విషయాలున్నాయి. అప్పటికప్పుడు వండిన వేడి తిండి పెట్టడం, నూనె వేపుళ్లు ఆపడం, సులువుగా అరిగేది కొంచెం కొంచెంగా పెట్టడం. ఈ మూడింటినీ ఏ డైటీషియనైనా ఒప్పుకుంటారు. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లతో "మీదంతా మూఢనమ్మకం" అని మొదలుపెడితే ఓడిపోతాం. "నువ్వు చెప్పింది సగం కరెక్టే నానమ్మా" అని మొదలుపెట్టాలి.

మా ఇంట్లో ముడి విప్పింది మూడో వారం రివ్యూ. పెద్దనాన్న నాలుగు కిలోలు తగ్గారు, కుర్చీలోంచి లేవడానికి ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చేది. అక్కడి డైటీషియన్ మేడమ్ ఫైలు చూడకుండా నేరుగా నానమ్మనే అడిగారు. "అమ్మా, రోజూ ఏం పెడుతున్నారు?" నానమ్మ అంతా చెప్పింది. మేడమ్ వాదించలేదు. "పెసరపప్పు తేలికే కదమ్మా, అది పెట్టొచ్చు కదా?" అన్నారు. నానమ్మ కాసేపు ఆలోచించి, "పెసరపప్పయితే పత్తెానికి పనికొస్తది" అంది. ఆ రోజు రాత్రి పెసర కట్టు. నాలుగో రోజుకి గుడ్డు. వారానికి కందిపప్పు. తలుపు ఒకసారి తెరుచుకుంటే చాలు, మిగతావన్నీ వెనకే వస్తాయి.

ప్రొటీన్ లెక్క

పోషకాహారం మీద దేశంలోనే పెద్ద పరిశోధన సంస్థ మన దగ్గరే, తార్నాకలో ఉంది. జాతీయ పోషకాహార సంస్థ, అందరూ ఎన్ఐఎన్ అంటారు. 1918లో కూనూర్‌లో చిన్నగా మొదలై 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. 2024లో వాళ్లు భారతీయుల కోసం 17 ఆహార మార్గదర్శకాలు విడుదల చేశారు. వాళ్ల లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు.

పెద్ద ఆపరేషన్ తర్వాత ఇది సరిపోదు. కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాముల వరకు తీసుకోమంటారు. అంటే అదే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. కిడ్నీలు బాగా పనిచేయనివాళ్లకి మాత్రం ఈ లెక్క వాడకూడదు, డాక్టర్ చెప్పినంతే.

ఇప్పుడు మా ఇంటి మొదటి రెండు వారాల పత్యాన్ని లెక్కేద్దాం. రోజంతా కలిపి 200 గ్రాముల బియ్యం అన్నం: 16 గ్రాముల ప్రొటీన్. బీరకాయ కూర: 2. రెండు టీల్లో పాలు: 3. రెండు బ్రెడ్ ముక్కలు: 4. మొత్తం 25. కావాల్సిన దాంట్లో మూడో వంతు! కడుపు నిండుతుంది, పెట్టినవాళ్లకి తృప్తిగా ఉంటుంది, కానీ గాయానికి ఇటుకలు అందడం లేదు.

మార్చాక మా పెద్దమ్మ వేసిన రోజు ఇలా ఉండేది. అంకెలు సుమారుగా తీసుకోండి.

• పొద్దున లేవగానే గ్లాసు పాలు: 6 గ్రాములు
• టిఫిన్: మూడు ఇడ్లీలు, ఒక ఉడికించిన గుడ్డు: 12
• పదకొండింటికి చిన్న కప్పు పెసల గుగ్గిళ్లు: 6
• మధ్యాహ్నం: అన్నం, గట్టి పప్పు, ఒక కూర, కప్పు పెరుగు: 20
• సాయంత్రం గుప్పెడు ఉప్పులేని పల్లీలు, ఒక జామకాయ: 6
• రాత్రి: రెండు జొన్న రొట్టెలు, కూర, చిన్న కప్పు చికెన్ లేదా చేప: 23
• పడుకునే ముందు అర గ్లాసు పాలు: 3

మొత్తం 76. ఇందులో ఖరీదైనది ఏదీ లేదు. ప్రొటీన్ పౌడర్ డబ్బా లేదు. కూరగాయలు, జామకాయలు అల్వాల్ రైతు బజార్‌వి, మిగతావి గల్లీ చివర కిరాణా కొట్టువి. శాకాహారులైతే రాత్రి చికెన్ బదులు పాతిక గ్రాముల మీల్‌మేకర్ నానబెట్టి వండితే దాదాపు అంతే ప్రొటీన్ వస్తుంది. పనీర్, శనగలు, అలసందలు కూడా పనికొస్తాయి.

పాయా సంగతి కూడా చెప్పాలి. ఎముక విరిగితే పాయా తాగాలని మన హైదరాబాద్ గట్టి నమ్మకం. "ఛాతీ ఎముక కోశారు కదా, రోజూ పాయా పట్టించండి" అని పక్కింటి అంకుల్ కూడా సలహా ఇచ్చారు. పాయాలో ఎక్కువగా ఉండేది జెలటిన్. అది ప్రొటీనే, కానీ అసంపూర్ణమైనది, శరీరానికి తప్పనిసరైన ట్రిప్టోఫాన్ అందులో ఉండదు. పైన తేలే కొవ్వు, వేసే ఉప్పు అదనం. ఇష్టమైతే కొవ్వు తీసేసి, ఉప్పు తగ్గించి ఎప్పుడో ఒకసారి తాగొచ్చు. దాన్ని మందు అనుకుని గుడ్డు, పప్పు మానేయొద్దు.

ఉప్పు: మన అసలు సమస్య

ఆపరేషన్ తర్వాత చాలామందికి ఒంట్లో నీరు చేరుతుంది. కాళ్లు వాస్తాయి. ఉప్పు ఎక్కువైతే శరీరం నీటిని పట్టి ఉంచుతుంది, బీపీ పెరుగుతుంది, అప్పుడే కోలుకుంటున్న గుండె ఎక్కువ పని చేయాల్సి వస్తుంది. మామూలు మనుషులకే రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అంటే తలగొట్టిన ఒక్క టీ స్పూను. అది కూడా కూర, పప్పు, ఇడ్లీ పిండి అన్నీ కలిపి.

తెలుగు ఇంట్లో ఈ బడ్జెట్ ఎక్కడ దాటిపోతుందో చూద్దాం. ఆవకాయకి ఎక్కువ ఇళ్లల్లో కొలత ఇది: నాలుగు గిన్నెల ముక్కలకి ఒక్కో గిన్నె కారం, ఆవపిండి, ఉప్పు, పైన నూనె. లెక్కేస్తే జాడీలో పదో వంతు పైనే ఉప్పు. అన్నంలో కలుపుకునే ఒక పెద్ద స్పూను, అంటే 15 గ్రాముల ఆవకాయలో ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల ఉప్పు. ఒక్క స్పూనుతో రోజు బడ్జెట్‌లో మూడో వంతు ఖర్చు! పక్కన ఒక అప్పడం, పెరుగన్నంలోకి ఊరమిరపకాయ చేరిస్తే మధ్యాహ్నానికే ఖాతా ఖాళీ.

ప్యాకెట్ తిండికి ఒక చిన్న ఫార్ములా గుర్తుంచుకోండి. వెనక 'సోడియం' ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది. దాన్ని 2.5తో గుణిస్తే ఉప్పు వస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం ఉంటే 2 గ్రాముల ఉప్పు అన్నమాట. నూడుల్స్, సూప్ పొడి, చిప్స్, కొన్ని బిస్కెట్లు ఈ పరీక్షలో దొరికిపోతాయి.

ఉప్పు తగ్గితే రుచి పోతుందని పేషెంట్లు తినడం మానేస్తారు. ఇది నిజమైన ఇబ్బందే. దీనికి మన వంటలోనే విరుగుడుంది: పులుపు. నిమ్మరసం, మామిడికాయ, టమాటా, కొంచెం చింతపండు. తర్వాత వెల్లుల్లి, జీలకర్ర, మిరియాలు, కరివేపాకు, కొత్తిమీర. ఇంకో కిటుకు కూడా ఉంది. వండేటప్పుడు ఉప్పు సగమే వేసి, మిగిలిన చిటికెడు వడ్డించేటప్పుడు పైన చల్లితే నాలుకకి ముందే తగులుతుంది, తక్కువలోనే సరిపోయినట్టు అనిపిస్తుంది. నాలుక కొన్ని వారాల్లో అలవాటు పడిపోతుంది.

ఒక హెచ్చరిక. షాపుల్లో 'లో సోడియం సాల్ట్' దొరుకుతుంది. అందులో కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది. గుండె పేషెంట్లకి ఇచ్చే కొన్ని బీపీ మందులు, నీరు పోయే మందులు రక్తంలో పొటాషియం పెంచుతాయి. కిడ్నీ సమస్య ఉంటే ఇంకా పెరుగుతుంది. పొటాషియం మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. అందుకే డాక్టర్‌ని అడగకుండా ఆ ఉప్పు వాడొద్దు. రోజూ రెండు మూడు కొబ్బరిబొండాలు తాగించడం కూడా ఇదే కారణంతో అడిగి చేయాల్సిన పనే.

కొంతమందికి రోజుకు ఇంతే నీళ్లు తాగాలని పరిమితి పెడతారు. అప్పుడు నీళ్లు ఒక్కటే లెక్క కాదు. చారు, మజ్జిగ, టీ, జావ, పాలు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఒక సీసాలో రోజు కోటా కొలిచి పెట్టుకుని, చారు తాగినప్పుడల్లా అంత నీరు అందులోంచి తీసేస్తే సులువు.

ఆకలే లేకపోతే?

ఇది అందరికీ ఎదురయ్యేదే. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు నోరు చేదుగా, ఇనుము నాకినట్టు ఉంటుంది. తాళింపు వాసనకే కడుపులో తిప్పుతుంది. నొప్పి మాత్రలు, ఐరన్ మాత్రలు మలబద్ధకం తెస్తాయి. మనసు కూడా డల్‌గా ఉంటుంది. రాత్రి నిద్ర సరిగా పట్టదు. ఇవన్నీ కలిసి ముద్ద దిగదు.

ఏం చేయొచ్చు:

• మూడు పూటల భోజనం బదులు ఆరు చిన్న పూటలు. పెద్ద కంచం చూస్తేనే భయమేస్తుంది, చిన్న గిన్నెలో పెట్టండి.
• వాసన పడకపోతే చల్లారిన తిండి పెట్టండి. పెరుగన్నం, పాలల్లో కలిపిన రాగి జావ, పండ్లు.
• తినే ఆ నాలుగు ముద్దల్లోనే బలం పెంచండి. చారన్నం బదులు పప్పన్నం. నీళ్ల జావ బదులు పాల జావ.
• మంచం మీద పడుకుని కాకుండా కుర్చీలో కూర్చుని తినాలి. తిన్న వెంటనే నడుం వాల్చకూడదు.
• మలబద్ధకానికి బొప్పాయి, జామ, బీరకాయ, సొరకాయ, పొట్టు ధాన్యాలు. ముక్కితే ఛాతీ మీద ఒత్తిడి పడుతుంది, కాబట్టి మొహమాటపడకుండా డాక్టర్‌కి చెప్పి మందు అడగండి.
• ఐరన్ మాత్రని టీతో వేసుకోవద్దు, టీ ఆ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది ఏ లిస్టులోనూ ఉండదు. పెద్దనాన్నకి గదిలోకి కంచం తీసుకెళ్లి పెట్టేవాళ్లం. పక్కన నలుగురు నిలబడి "ఇంకొంచెం, ఇంకొంచెం" అనేవాళ్లు. ఆయన రెండు ముద్దలకే చాలనేవారు. ఒకరోజు నాన్న ఆయన్ని నెమ్మదిగా నడిపించుకొచ్చి అందరితో పాటు టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. ఎవరూ ఆయన కంచం వైపు చూడలేదు, క్రికెట్ గురించి మాట్లాడుకున్నాం. ఆ రోజు ఆయన రెండోసారి పప్పు అడిగి వేయించుకున్నారు. అంతవరకూ ఊళ్లో పది మందికి పెట్టిన మనిషి. నలుగురి పర్యవేక్షణలో తినడం ఆయనకి ఎంత చిన్నతనంగా అనిపించిందో అప్పుడు అర్థమైంది.

రక్తం పలచబడే మందు, ఆకుకూరలు

ఇది ముఖ్యంగా వాల్వ్ మార్చినవాళ్లకి. లోహపు వాల్వ్ పెడితే దాని మీద రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లేదా ఎసిట్రామ్ లాంటి మందు జీవితాంతం ఇస్తారు. ఈ మందులు పనిచేసేది విటమిన్-కె కి అడ్డుపడటం ద్వారా. రక్తం గడ్డకట్టడానికి ఆ విటమిన్ కావాలి. దాని పేరులోని 'కె' వచ్చింది గడ్డకట్టడం అనే అర్థమున్న 'కోగులేషన్' నుంచే, డేనిష్, జర్మన్ భాషల్లో ఆ మాట కె తో మొదలవుతుంది. వార్ఫరిన్ కథ ఇంకా బాగుంటుంది. అమెరికాలో పాడైపోయిన ఒకరకం గడ్డి తిని పశువులు రక్తం కారి చనిపోయేవి. ఎందుకో వెతికితే ఆ గడ్డిలో ఒక పదార్థం దొరికింది, దాని నుంచే తర్వాత ఈ మందు పుట్టింది. పరిశోధనకి డబ్బిచ్చిన విస్కాన్సిన్ సంస్థ పొట్టి పేరు 'వార్ఫ్', అదే మందు పేరైంది.

మన తోటకూర, పాలకూర, మునగాకు, కొత్తిమీరల్లో విటమిన్-కె బాగా ఉంటుంది. అందుకని చాలా ఇళ్లల్లో ఆకుకూరలు పూర్తిగా ఆపేస్తారు. అవసరం లేదు. అసలు సమస్య ఆకుకూర కాదు, హెచ్చుతగ్గులు. నెలంతా మానేసి, ఒక ఆదివారం చుట్టాలొచ్చారని మునగాకు పప్పు గిన్నెడు తింటే మందు బలం తగ్గిపోతుంది. అన్నాళ్లు తిని ఒక్కసారి ఆపేస్తే మందు బలం పెరిగి రక్తస్రావం కావచ్చు. డాక్టర్ ఐఎన్ఆర్ అనే రక్త పరీక్ష చూసి డోసు నిర్ణయిస్తారు. మీరు వారంలో రెండు రోజులు చిన్న కప్పు ఆకుకూర తినేవాళ్లయితే ప్రతి వారం అంతే తినండి. డోసు ఆ తిండికి తగ్గట్టు సెట్ అవుతుంది. ఇన్‌పుట్ నిలకడగా ఉంటే అవుట్‌పుట్ కూడా నిలకడగా ఉంటుంది, అంతే.

ఈ మందులు వాడేవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా మూలికల పొడులు, కషాయాలు మొదలుపెట్టకూడదు. మద్యం వద్దు. "కల్లు మందే కదా" అనే మాట కూడా ఇక్కడ చెల్లదు. కొలెస్ట్రాల్ తగ్గించే కొన్ని స్టాటిన్ మాత్రలకి గ్రేప్‌ఫ్రూట్, దాని చుట్టమైన పంపరపనస పడకపోవచ్చు. అవి తినే అలవాటుంటే ముందే అడగండి.

హార్లిక్స్ సీసాలు, బత్తాయిలు

మన దగ్గర పలకరింపుకి ఎవరూ ఖాళీ చేతులతో రారు. పది రోజుల్లో మా ఇంట్లో నాలుగు హార్లిక్స్ సీసాలు, రెండు డబ్బాల ఉస్మానియా బిస్కెట్లు, లెక్కలేనన్ని బత్తాయిలు చేరాయి. ప్రేమకి వంక పెట్టలేం. కానీ ఆపరేషన్ ఒత్తిడికి షుగర్ లేనివాళ్లకి కూడా రక్తంలో చక్కెర పెరగొచ్చు. చక్కెర పెరిగితే గాయం మానడం ఆలస్యమవుతుంది, ఇన్ఫెక్షన్ భయం ఎక్కువవుతుంది. పండు పండులా తింటే మంచిదే. జ్యూస్ తీస్తే పీచు పోతుంది, నాలుగు పండ్ల చక్కెర ఒక గ్లాసులో కూర్చుంటుంది. పేషెంట్‌ని చూడటానికి వెళ్లేవాళ్లు ఈసారి డజను గుడ్లో, అరకిలో పల్లీలో పట్టుకెళ్లండి. కొత్తగా ఉంటుంది కానీ ఆ ఇంటివాళ్లకి నిజంగా పనికొస్తుంది.

నూనె విషయంలో కంగారు పడొద్దు. మనిషికి నెలకి అర లీటరు దగ్గర ఉంచుకుంటే రోజుకు మూడు టీ స్పూన్లు వస్తుంది. వేపుళ్లు, డాల్డా, బేకరీ పఫ్‌లు, వాడిన నూనెలో మళ్లీ వేయించిన బజ్జీలు ఆపేయాలి. అన్నంలో ఒక చెంచా నెయ్యి వేస్తేనే ముద్ద దిగుతుందంటే, మొదటి వారాల్లో ఆ చెంచా గురించి యుద్ధం చేయక్కర్లేదు, డాక్టర్‌తో ఒక మాట చెప్పి వేయండి. కడుపులోకి తిండి వెళ్లడం ముందు.

ఎప్పుడు ఫోన్ చేయాలి

రోజూ పొద్దున బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు, ఒకే రకం బట్టల్లో బరువు చూసి రాసుకోవాలి. ఒక్క రోజులో కిలో, లేదా వారంలో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయాలి. ఆయాసం, కాళ్ల వాపు పెరగడం, జ్వరం, గాయం నుంచి చీము లేదా నీరు కారడం, ఛాతీ ఎముక కదిలినట్టు టక్కుమనడం, నల్లటి మలం, రెండు రోజులుగా ఏమీ తినలేకపోవడం, ఆగని వాంతులు, వీటిలో ఏది వచ్చినా ఆగొద్దు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు తిండి మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది, అది కూడా వెంటనే చెప్పాల్సిందే.

చివరగా, బిల్లు కట్టేముందు

2022 ఏప్రిల్‌లో అల్వాల్‌లో టిమ్స్ ఆస్పత్రికి శంకుస్థాపన జరిగినప్పుడు మా గల్లీలో అందరూ సంబరపడ్డారు. ఆరోగ్యశ్రీ వల్ల చేతిలో డబ్బులేని కుటుంబాలు కూడా గుండె ఆపరేషన్లు చేయించుకోగలుగుతున్నాయి. ఆపరేషన్ దాకా దారి దగ్గరవుతోంది. ఆ తర్వాతి ఆరు వారాల దారి మాత్రం మన వంటింట్లోంచే వెళ్తుంది. అక్కడ ఇంగ్లిష్ చదవగలిగే మనలాంటివాళ్లకి ఒక పని ఉంది. డిశ్చార్జ్ రోజు అందరూ బిల్లు, మందుల హడావుడిలో ఉంటారు. అప్పుడు మీరు డైటీషియన్‌నో డ్యూటీ డాక్టర్‌నో పట్టుకుని, వంట చేసే మనిషిని పక్కనే కూర్చోబెట్టి ఈ ఐదు అడగండి:

1. రోజుకు ఎంత ప్రొటీన్? కిడ్నీలు బాగున్నాయా, పప్పు, గుడ్డు, మాంసం పెట్టొచ్చా?
2. ఉప్పు ఎన్ని స్పూన్లు? పొటాషియం ఉన్న ఉప్పు, కొబ్బరినీళ్లు పనికొస్తాయా?
3. నీళ్లకి పరిమితి ఉందా, ఉంటే ఎన్ని లీటర్లు?
4. ఇచ్చిన మందుల్లో ఏవైనా తిండితో గొడవపడేవి ఉన్నాయా?
5. అనుమానం వస్తే రాత్రిపూట ఏ నంబర్‌కి ఫోన్ చేయాలి?

జవాబులు తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి వంటింట్లో గోడకి అంటించండి. మా ఇంట్లో ఆ కాగితం చివర నానమ్మ ఒక లైను చేర్పించింది, నాతోనే రాయించింది: "అందరితో కూసోబెట్టి పెట్టాలె."